రంగూన్ నుంచి టపాలో వచ్చిన పుల్ల

నేను మోకాళ్ళ మీద కూర్చుని మా కులపెద్ద మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. నా వీపు మీదుగా అందరూ మాట్లాడుకుంటున్నారు. అప్పటికి రెండు ముక్కలు దొరికాయి. పెద్దాయన వాటిని అరచేతిలో పెట్టుకుని, ఒకదాని విరుగు ఇంకోదాని విరుగుకు ఆనించి చూస్తాడు, కుదరదు. తిప్పి ఆనిస్తాడు, అప్పుడూ కుదరదు.

"మధ్యలో ఇంకోటి ఉండాల. బాగా చూడు పాపా" అన్నాడు.

బాగానే చూస్తున్నాను. మంచం కింద చుట్టపీకలు ఉన్నాయి, ఎండిన నిమ్మతొక్క ఉంది, ఎప్పుడో పోయిందని ఆ ఇంటామె ఊరంతా వెతికిన ఇత్తడి మూత ఉంది. చివరికి మంచం కోడు పక్కన, వేలెడంత కూడా లేని వెదురు పేడు దొరికింది. తీసి ఇచ్చాను. పెద్దాయన మూడూ వరసగా పేర్చి చూసుకుని, నాయన మొహంలోకి చూశాడు.

"మూడు ముక్కలేందబ్బా? మొగుడికొకటి, పెళ్ళానికొకటి. ఈ మూడోది ఎవరిది?"

స్తంభానికి ఆనుకుని నిలబడిన అక్క నింపాదిగా అంది: "ఆ మూడోదాని మనిషి ఆడే ఉండాదిలే పెద్దాయనా, రంగూన్లో."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా మంట. ఎందుకంటే ఆ పుల్ల అంత దూరం నుంచి టపాలో రావడానికి కారణం నేనే.

మా వాళ్ళల్లో మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే కోర్టు లేదు, కాగితం లేదు. ఎండిన కందిపుల్ల ఒకటి తెచ్చి, కులపెద్ద ముందర ఆ చివర ఆయన, ఈ చివర ఆమె పట్టుకుంటారు. టక్కున విరుస్తారు. ఎవరి ముక్క వాళ్ళు భుజం మీదుగా వెనక్కి పారేసి, తిరిగి చూడకుండా చెరో దోవన పోతారు. అంతే. మళ్ళీ ఎవరికి నచ్చిన చోట వాళ్ళు మారుమనువు చేసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పుల్ల విరగకుండా మాత్రం చేసుకోవడానికి లేదు.

ఇంత సులువైన పని అక్క విషయంలో రెండేళ్ళు పట్టింది. పుల్లకు రెండు చివరలు కదా, ఒక చివర ఉదయగిరిలో, ఇంకో చివర సముద్రం అవతల. అదీ సంగతి.

బావ రంగూన్లో బియ్యం మిల్లులో పనికి పోయాడు. అక్క కూడా ఓడెక్కి పోయి అక్కడ మూడేళ్ళు కాపరం చేసింది. వాళ్ళిద్దరూ అక్కడ పరదేశీలు. ఆఫీసుకు పిలిచి, ఫోటోలు తీసి, కార్డులిచ్చారట. అక్కకు అదే మొదటి ఫోటో. అందులో కళ్ళు ఇంతింత చేసుకుని, ఎవరో దొంగతనం అంటగట్టినట్టు ఉంటుంది. కార్డు మీద పరదేశి అని రాశారని తెలిసి, నేను పరదేశినేంది, ఉదయగిరి దాన్ని గదా అని ఆ ఆఫీసరుతో వాదం పెట్టుకుందట. చేసే మనిషే.

తర్వాత ఇద్దరికీ పడలేదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. బావకు అక్కడ బజారులో కూరగాయలు అమ్మే మనిషితో సంబంధం కుదిరింది. ఆమె చెడ్డది కాదంటుంది అక్క. అక్కకు జ్వరం వస్తే గంజి కాచి పోసిందట. గంజి తాగి లేచాక, ఇంక ఇద్దరి మధ్య నేనెందుకు అనుకుందట. బావను అడిగితే ఆయనా సరేనన్నాడు. విడిపోవడం ఇద్దరికీ ఇష్టమే. ఇష్టం లేనిదల్లా మిగతా లోకానికి.

వాళ్ళు అక్కడ ఉండగానే తేల్చుకుందామనుకున్నారు. మద్రాసు నుంచి పోయి స్థిరపడిన ప్లీడరు ఒకాయన ఉంటే ఆయన దగ్గరికి పోయారు. మీరు ఈ దేశం వాళ్ళు కారు, మీ పెళ్ళికి మీ ధర్మమే చట్టం, మీ ధర్మంలో విడిపోవడం అనేదే లేదు, పొండి అన్నాడట ఆయన. మా వాళ్ళల్లో ఉండాది సామీ, పుల్ల విరుస్తారు అని అక్క చెబితే, ఆ పుల్ల సంగతి ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నాడట. పుల్ల పుస్తకంలో ఎందుకుంటాది, కందిచేలో ఉంటాది గానీ అని వచ్చేసింది అక్క.

సరే, మిల్లులో మా వాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళ ముందరే విరుద్దామంటే, వాళ్ళు వెనక్కి తగ్గారు. ఆడపిల్ల ఊరి పెద్ద లేకుండా మేం విరిపిస్తే రేపు మమ్మల్ని అడుగుతారు అన్నారు. సొంత ఊరికి పోయి తేల్చుకోమన్నారు. ఇద్దరూ కలిసి వద్దామంటే బావకు కుదరదు. అప్పటికే అక్కడ కట్టుదిట్టాలు మొదలయ్యాయి. ఒకసారి దాటి వస్తే మళ్ళీ రానిస్తారో లేదో చెప్పలేమన్నారు. అందుకని అక్క ఒక్కతే, తెలిసిన సంసారం ఒకటి వస్తుంటే వాళ్ళ వెంట ఓడెక్కి, మద్రాసులో దిగి, రైల్లో నెల్లూరు వచ్చి, బస్సులో మా ఇంటి ముందర దిగింది. దిగుతూనే, తను వస్తుందని పుట్టింటికి వచ్చి ఉన్న నాతో, "మే, పెద్దాయన ఊళ్ళోనే ఉండాడా?" అని అడిగింది. మంచినీళ్ళు కూడా తాగలేదు.

పెద్దాయన ఊళ్ళోనే ఉన్నాడు. మంచివాడే. కానీ కందిపుల్ల విషయంలో మాత్రం ఇనప మనిషి. అంతా విని, వాడేడీ అన్నాడు. రంగూన్లో అన్నాం. అయితే ఆ చివర ఎవరు పట్టుకుంటారు అన్నాడు. అక్కడ వాళ్ళేమో ఇక్కడికి పొమ్మంటారు, ఇక్కడ ఈయనేమో అక్కడున్న మనిషిని తెమ్మంటాడు. మధ్యలో ఓడ, సముద్రం, నెలల తరబడి జాబులు.

నా కాపరం ఆత్మకూరులో. ఐదో తరగతి దాకా చదివానని మా పుట్టింటి జాబులన్నీ నేనే రాయాలి, నేనే చదవాలి. జాబు వచ్చినప్పుడల్లా ఉదయగిరి నుంచి కబురు, నేను బస్సెక్కడం. మా ఆయన అనేవాడు, ఇక ఆ బస్సులోనే పొయ్యి పెట్టుకో, నేనే క్యారియర్ తీసుకుని వస్తానని. ఆ బస్సేమో దోవలో మూడుచోట్ల ఆగి నీళ్ళు తాగేది. మనిషికంటే దానికే దాహం ఎక్కువ.

ఈ లోపల అక్క నా దగ్గరికి ఆత్మకూరు వచ్చి పదిరోజులుంది. మా వీధి చివర మిషన్ కుట్టే ఆయన ఉన్నాడు, పెళ్ళాం పోయిన మనిషి. అక్క రవికె కుట్టించుకోవడానికి పోయింది. కొలత సరిపోలేదని మళ్ళీ పోయింది. ఆ రవికె ఎన్నిసార్లు సరిపోలేదో నాకు లెక్క తెలియదు. చివరికి ఆయనే వచ్చి మా ఆయనతో చెప్పాడు, చేసుకుంటానని. అక్కను అడిగితే గోడవైపు తిరిగి, చేతిలో ఉన్న బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "మంచి మనిషే" అంది. అక్క మూడేళ్ళ రంగూన్ కాపరం గురించి చెప్పినప్పుడు ఎన్నడూ లేని గొంతు అది.

ఆయన ఎన్నాళ్ళైనా ఆగుతాడు. ఆయన తల్లే ఆగదు. ఆషాఢం లోపల కాకపోతే వింజమూరు సంబంధం ఖాయం చేస్తానని కూర్చుంది. కాబట్టి మాకు కావలసింది ఒకటే: ఆషాఢం లోపల పుల్ల విరగాలి.

ఆత్మకూరులో ప్లీడరు గుమాస్తా దగ్గరికి నేనూ నాయనా పోయాం. కొత్త చట్టం వచ్చిందట, ఆడవాళ్ళు కూడా విడాకులు అడగొచ్చట. నెల్లూరు కోర్టులో పిటీషన్ వెయ్యాలి, రంగూన్‌కు నోటీసు పోవాలి, అది చేరినట్టు తిరిగి రావాలి, విడాకుల కేసుకు ఎంతలేదన్నా ఏళ్ళు పడుతుందని, విడాకులకు ఫలానా కారణాలుండాలని, ఆ విడాకుల మాట పదిసార్లు అన్నాడు. నాయన ఓపిగ్గా విని విని, "మా వాళ్ళల్లో ఆకులు గాదయ్యా, పుల్ల" అన్నాడు. గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. కాసేపటికి తేరుకుని, మీ కులంలో ఆ ఆచారం మొదటినుంచీ ఉంటే చట్టం దాన్ని కాదనదు, మీ పెద్దల చేత రాయించుకుంటే చాలు అన్నాడు. అంటే తిరిగి తిరిగి మళ్ళీ పెద్దాయన మంచం దగ్గరికే. దీనికి అంత దూరం బస్సుకు నీళ్ళు తాగిస్తూ రావాలా?

నాయన పోయి బతిమాలాడు. నేనూ పోయి బతిమాలాను. చివరికి పెద్దాయన మెత్తబడి, వాడు ఆడనే మనోళ్ళ ముందర పుల్ల విరిచి, విరిచినట్టు రాసి, చూసినోళ్ళ వేలిముద్రలు పెట్టించి పంపిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. నేను ఆ సంతోషంలో అక్కడే అరుగు మీద కూర్చుని కార్డు రాసేశాను. బస్సు టైమయింది, పక్కన నాయన తొందరపెడుతున్నాడు, కార్డులో చోటు తక్కువ. కుశలాలు రాసేసరికే సగం అయిపోయింది. చివరి ముక్క ఇట్లా రాశాను: పుల్ల విరిచి పంపించు బావా.

విరిచినట్టు రాసి పంపించు అనాలి. నాలుగు మాటలు మింగేశాను. బావ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు గేదెను చూసి రమ్మంటే చూసి వచ్చేవాడని, తోలుకుని వచ్చేవాడు కాదని వాళ్ళమ్మే చెప్పేది. అట్లాంటి మనిషికి అట్లా రాశాను.

వైశాఖం పోయింది. జ్యేష్ఠం సగం పోయింది. అప్పుడు ఉదయగిరి పోస్టులో లావుపాటి కవరు దిగింది. నేను ఆత్మకూరు నుంచి పరిగెత్తుకుని వచ్చాను. నేను వచ్చేదాకా విప్పొద్దని అందరూ కాచుకుని ఉన్నారు, నేరుగా పెద్దాయన ఇంటికే పోయాం. పెద్దాయనే కవరు చింపాడు. చింపడం కాదు, పీకాడు. లోపల పాతగుడ్డ చుట్టిన పొట్లం ఉంది. దాన్ని విదిలించాడు. వెదురు ముక్కలు ఎగిరి మంచం కింద పడ్డాయి. నేను మోకాళ్ళ మీద పడ్డాను.

మీకు చెప్పింది అక్కడినుంచే.

మూడు ముక్కల సంగతి తేల్చడానికి చాలాసేపు పట్టింది. బావ రెండుగానే విరిచి ఉంటాడు, పోస్టు వాళ్ళు ముద్ర గుద్దే గుద్దుకు మూడోది అయిందని నేనన్నాను. పోస్టు విరిచింది లెక్కకు రాదని ఒకరు, వస్తే ఏమవుతుందని ఇంకొకరు. ఇంతలో పెద్దాయన ఒక ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కింద పడేశాడు.

"ఇది కందిపుల్ల గాదు. వెదురు. పాడె కట్టేదానితో విరుస్తాడా వాడు? ఈ పిల్ల బతికే ఉండాది గదా."

నాయన తలపాగా తీసి మోకాలి మీద కొట్టుకున్నాడు. రంగూన్లో కందిచేలు యాడుండాయి మావా అన్నాడు. నాకు తెలియదన్నాడు పెద్దాయన. విరిచేటప్పుడు ఆ చివర ఈ పిల్ల చెయ్యి ఉందా లేదా అని అడిగాడు. ఎట్లా ఉంటుంది? అయితే అది విరిచినట్టు గాదు, వంటచెరుకు చీల్చినట్టు అన్నాడు.

నాకు ఓపిక పోయింది. తప్పంతా నాదని చెప్పేశాను. విరిచినట్టు రాసి పంపమనబోయి విరిచి పంపమన్నానని, నా తొందర వల్ల అక్క బతుకు ఆగిపోతుందని, ఆత్మకూరులో ఆ తల్లి వింజమూరు వాళ్ళకు మాట ఇచ్చేస్తుందని గబగబా అనేసి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను.

అప్పుడు అక్క స్తంభం వదిలి ముందుకు వచ్చింది. నన్ను చూడలేదు. కింద పడి ఉన్న పాతగుడ్డను తీసి దులిపింది. దాని అంచును వేలితో తడిమింది.

"ఇది నా కోక గదా" అంది. "ఆడ వదిలేసి వచ్చిన పచ్చకోక. ఇదెందుకు పంపించినాడు?"

అక్క నా వైపు తిరిగింది. "జాబేదీ?"

జాబు. కవరు చింపినప్పటి నుంచీ అందరం ముక్కల మీద పడ్డాం గానీ, జాబు ఉందో లేదో ఒక్కరూ చూడలేదు. ఆ అరుగు మీద చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో మంచం కింద చుట్టపీకలు ఏరుతున్నాను. చింపిన కవరు పెద్దాయన తొడ కింద నలిగి ఉంది. లాగి చూస్తే లోపల నాలుగు మడతల కాగితం.

చదివాను. మరదలు పిల్ల విరిచి పంపమన్నది గనక విరిచి పంపుతున్నాను అని మొదలు. ఈడ కందిపుల్ల దొరకలేదు, తప్పు పట్టుకోవద్దని పెద్దాయనకు దండాలు. ఊరి జాబు చూపిస్తే సరేనని మిల్లులో మనోళ్ళు ముగ్గురూ ముందర కూర్చుని ఉండగా విరిచినాను. రెండో చివర పట్టుకోవడానికి నువ్వు లేవు గనక, నీ కోక కొంగు చించి ఆ చివరకు చుట్టి, అది నీ చెయ్యనుకుని విరిచినాను. నా ముక్క భుజం మీదుగా పారేసి, తిరిగి చూడకుండా పొయినాను. తర్వాత పంపాలని గుర్తొచ్చి, వెనక్కి పోయి ఏరుకొచ్చినాను. అది తప్పయితే చెప్పండి. నువ్వు సుఖంగా ఉండు.

కింద మూడు నీలం వేలిముద్రలు. ఒకటి బాగా అలికిపోయింది.

పెద్దాయన కావాలన్నదంతా రాసి ఉంది, ముగ్గురి ముద్రలతో సహా. నేను రాయని మాటలు కూడా బావ చేశాడు. ఒక పూటంతా మేం తన్నుకులాడింది, తొడ కింద కాగితం ఉంచుకుని.

పెద్దాయన కోక ముక్కను అక్క చేతిలోంచి తీసుకుని చూసి, తిరిగి ఇచ్చాడు. ఏరుకొచ్చినాడంట, తిక్కోడు అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తర్వాత లోపలికి కేకేసి, దడిలోంచి కందిపుల్ల ఒకటి పెరికి తెమ్మన్నాడు.

"ఆడ దీని కొంగు. ఈడ వాడి జాబు. సమానమే గదా" అన్నాడు.

కందిపుల్లకు ఒక చివర బావ జాబు చుట్టి దారం కట్టాం. ఆ చివరను స్తంభానికి కట్టారు. మనిషెవరూ పట్టుకోకూడదని పెద్దాయన పట్టుబట్టాడు. అక్క ఈ చివర పట్టుకుంది. పిడికిలి బిగించి, ఒక్క క్షణం ఆ జాబు కేసి చూసింది. టక్కుమంది. తన ముక్క భుజం మీదుగా వెనక్కి విసిరింది. అది పోయి కుడితి తొట్లో పడింది. అక్క తిరిగి చూడకుండా అరుగు దిగి ఇంటివైపు నడిచింది. చెప్పులు కూడా అక్కడే మరిచిపోయింది. అవి నేను పట్టుకుని వెనక నడిచాను, చేతిలో చెప్పులూ చంకలో, పుల్ల విరిగినట్టు నేను గబగబా రాసి పెద్దాయన చేత వేలిముద్ర వేయించిన కాగితమూ పెట్టుకుని. దారి పొడుగునా నాలో నేనే తిట్టుకుంటూ నడిచాను: నన్ను, పోస్టును, రంగూన్ ప్లీడర్ను, వెదురును.

మర్నాడు నేను ఆత్మకూరు బస్సు పట్టుకోవాలి. ఆ కాగితం మిషనాయన తల్లికి చూపించాలి. తెల్లారక ముందే లేచి పెరట్లోకి పోయాను. పుట్టింటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి పొడుగాటి వేపపుల్ల ఒకటి కోసి, మధ్యకు విరిచి, సగం అక్కకిచ్చి సగం నేను నములుతాను. చిన్నప్పటి నుంచీ అంతే. అక్క అప్పటికే నూతి దగ్గర కూర్చుని చెయ్యి చాపింది.

పుల్ల కోసి, రెండు చేతులతో పట్టుకుని, విరవబోయి ఆగాను. దాన్ని అట్లాగే అక్క చేతిలో పెట్టి, నాకోసం ఇంకో కొమ్మ వంచి వేరే పుల్ల కోసుకున్నాను.